కరకట్ట మీద కరణం

నవంబరు 15, 1958. శనివారం. బందరు.

సుందరి ఇవాళ కూడా వాళ్ళ నాన్నగారితో మాట్లాడలేదు.

వారం తర్వాత ఇంటికొచ్చిన మనిషి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ "అమ్మలూ" అని పిలిచారు. పదేళ్ళ పిల్ల. విననట్టే పెరట్లోకి వెళ్ళి నూతి చప్టా మీద కూచుంది. ఆయన సంచీలోంచి జామకాయలు తీసి నా చేతిలో పెట్టి, "నేను తెచ్చానని చెప్పకు" అన్నారు.

చెప్పలేదు. తిన్నది.

ఈ పుస్తకం అన్నయ్య ఇచ్చాడు, వరద తర్వాత మేముంటున్నది అతనింట్లోనే. కోర్టు గుమాస్తా ఇంట్లో కాగితాలకి కరువేముంది. "ఊరికే గోడ వంక చూస్తూ కూచోకు వేదా, ఏదైనా రాసుకో" అన్నాడు. వరద సంగతి రాసుకోమని కాబోలు. అది మాత్రం రాయను.

నవంబరు 17. సోమవారం.

ఆయన మొదటి బస్సుకి వెళ్ళిపోయారు. కృష్ణానది మధ్య మా లంకలో బడి కొట్టుకుపోయింది కదా. ఊరివాళ్ళంతా కరకట్ట మీదికి చేరారు. అక్కడే తాటాకు పాక వేసి పిల్లలకి పాఠాలు చెబుతున్నారు. ఆయన పడకా అక్కడే. మళ్ళీ శనివారం.

వెళ్ళేముందు అడిగాను. "కరణం జాడేమైనా తెలిసిందా?"

"లేదు" అన్నారు. నా మొహం చూడలేదు. ఎలా చూస్తారు.

నవంబరు 20.

రాయనన్నాను గానీ, వంటయ్యాక చేతులు ఊరుకోవడం లేదు.

కరణమంటే మా కుక్క. మాది అని నేనెవరితోనూ అనేదాన్ని కాదు. మడీ తడీ ఉన్న కొంప. బడి అరుగు మీద పడుకునేది, గడప అవతలే అన్నం పెట్టేదాన్ని. గోధుమరంగు. ముందుకాళ్ళు రెండూ తెలుపు, మేజోళ్ళు తొడుక్కున్నట్టు. పొద్దున లేస్తూనే ఊళ్ళో ప్రతి గుమ్మమూ తొక్కి, ఎవరింట్లో ఏం వండారో కనుక్కుని వచ్చేదని సుందరి దానికా పేరు పెట్టింది. అసలు కరణంగారికి కోపమొచ్చింది. ఈయన్ని పిలిచి "మాస్టారూ, ఇదేం పద్ధతండీ" అని అడిగారు. పేరు మారలేదు. ఆయనే అలవాటు పడ్డారు.

వరద వచ్చిన తెల్లవారుజామున అది ఏనాడూ లేనిది గడప దాటి లోపలికొచ్చింది. పళ్ళతో సుందరి దుప్పటి పట్టి లాగింది. నేను "ఛీ, ఛీ" అంటూ మంచం దిగాను. పాదం కింద నీళ్ళు. అది లేపకపోతే ఆ మంచాల మీదే పోయి ఉండేవాళ్ళం ముగ్గురమూ.

గ్రంథాలయం డాబా ఎక్కాం. అది ముందు నడిచింది, మెరక ఎక్కడుందో దానికే తెలుసన్నట్టు. మేము దాని వెనక.

పడవ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. అప్పటికే అందులో కాలు పెట్టే చోటు లేదు. పిల్లల తల్లులు, ముసలివాళ్ళు. మేము డాబా మీంచి పడవలోకి దిగాం. మా వెనకే అది దూకింది. పడవ ఒక పక్కకి ఒరిగింది, నీళ్ళు లోపలికి వచ్చాయి, అందరూ ఒక్కసారి అరిచారు. పడవ నడిపే రత్తయ్య "మాస్టారూ, దాన్ని దించండి, లేకపోతే అందరం పోతాం!" అన్నాడు.

ఈయన దాన్ని రెండు చేతులా ఎత్తి నీళ్ళలో వదిలారు.

అది మునిగి లేచి, ఈదుకుంటూ వెంట వచ్చింది. పడవ అంచు మీద కాళ్ళు వేసింది. ఈయన ఆ కాళ్ళు తీసేశారు. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసేశారు.

నేను సుందరి మొహం మీద కొంగు కప్పాను. కొంగు పలచన. చూసింది.

నవంబరు 29. శనివారం.

ఆయన వచ్చారు. అదే తంతు.

నవంబరు 30.

వదిన అడిగింది, "ఏమే సుందరీ, నాన్న మీద ఎందుకే అంత అలక?" అని.

"కరణాన్ని నాన్నగారు చంపేశారు" అంది. ఏడవలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ అంది.

ఆయన పడమటి గదిలో కూచుని పిల్లల దస్తూరీ పుస్తకాలు దిద్దుతున్నారు. విన్నారు. కలం ఆగింది. మళ్ళీ నడిచింది.

నేనేమీ అనలేదు. ఏమనను? పసిది. ఎవరో ఒకరి మీద కోపం పెట్టుకోకపోతే ఆ గుండె ఎలా కుదుటపడుతుంది? ఈ రాత్రి నన్ను కరుచుకుని పడుకుంటానంది. పాపగా ఉన్నప్పుడు పడుకునేది అలా. ఈమధ్య నా దగ్గరికి రావడమే మానేసింది, ఎప్పుడూ తండ్రి వెంటే ఉండేది.

డిసెంబరు 8. సోమవారం.

మినపరొట్టె రెట్టింపు చేసి కట్టమన్నారు. "పాకలో పిల్లలకి పెడతారా?" అంటే "ఊఁ" అన్నారు. పోనీలే. మనిషి మాత్రం చిక్కిపోతున్నారు. కరకట్ట గాలికి కాబోలు.

డిసెంబరు 16.

ఎదురింటి సూర్యకుమారిగారు వచ్చారు. మిషను బళ్ళో టీచరు. పండగకి వాళ్ళ బడి ఆవరణలో సినిమా వేస్తారట, కుక్కల సినిమా, పిల్లలు చూడదగ్గదట. మాటలు ఇంగ్లీషువైతే ఆవిడే పక్కన నిలబడి తెలుగులో చెబుతారట. "సుందరిని తీసుకురండి వేదవతిగారూ, పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

కుక్కల సినిమా. ఆవిడకి మా సంగతి తెలియదు.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. లోపల్నించి సుందరి "వస్తామండీ" అంది.

డిసెంబరు 22. సోమవారం.

సినిమా చూసి వచ్చాం. అంతా రాస్తాను.

బడి ఆవరణలో రెండు కర్రలకి తెల్లటి దుప్పటి కట్టారు. ముందు చాపల మీద పిల్లలు, వెనక బల్లల మీద మేము. చీకటి పడుతూనే మొదలెట్టారు. సూర్యకుమారిగారు తెర పక్కన స్టూలు వేసుకుని నిలబడి, "ఇది మంచు దేశం. ఇక్కడ ఎడ్లబళ్ళు ఉండవు, కుక్కలే బండి లాగుతాయి" అని మొదలుపెట్టారు. ఆవిడ గొంతు భలే గొంతు. వీధిలో సోడా బండివాడు కూడా గోడ పక్కన ఆగిపోయాడు.

ఒక దొర, ఆయన భార్య, చంటిపిల్ల, ఒక ముసలి తాత. నాలుగు కుక్కలు. మంచువాన మొదలై తాత దారి తప్పిపోతాడు. మిగతావాళ్ళు ఊరికి బయల్దేరతారు. గడ్డకట్టిన ఏరు మధ్యకి వచ్చేసరికి మంచు పగిలిపోతుంది. దొర భార్యనీ పిల్లనీ అవతలి గట్టుకి చేరుస్తాడు. కుక్కలు ఇవతలే ఉండిపోతాయి. మధ్యలో నల్లటి నీళ్ళు. ఆయన వాటివంక చూసి, టోపీ తీసి, తల వంచుకుని వెళ్ళిపోతాడు.

సుందరి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. లేచి వెళ్ళిపోదామా అని చెవిలో అడిగాను. తల అడ్డంగా ఊపింది. రెప్ప వెయ్యలేదు.

ఇక ఆ కుక్కలే తాతని వెతికి పట్టుకుంటాయి. మంచులో కూరుకుపోయి ఉంటాడు. రెండు ఆయన మీద పడుకుని వెచ్చజేస్తాయి, రెండు కాలర్ పట్టి లాగుతాయి. కొండ ఎక్కుతాయి, దిగుతాయి. ఒకదాని కాలు కుంటిదవుతుంది. అక్కడ ఇంట్లో క్రిస్మస్ విందు. బల్ల మీద అన్నీ ఉన్నాయి, ఎవరూ ముట్టుకోరు. అప్పుడు తలుపు మీద గోళ్ళతో గీరిన చప్పుడు. దొర లేస్తాడు. తలుపు తీస్తాడు. గుమ్మంలో తాత, తాత చుట్టూ నాలుగు కుక్కలు.

పిల్లలు చాపల మీదే లేచి ఎగిరారు. సోడా బండివాడు ఈల వేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు.

సరిగ్గా అప్పుడు రీలు తెగింది. తెర తెల్లబోయింది. కాసేపు గోల. అతికించి మళ్ళీ వేసేసరికి కుక్కలు బల్ల దగ్గర కుర్చీల మీద కూచుని ఉన్నాయి, నెత్తి మీద రంగు కాగితాల టోపీలతో. చంటిపిల్ల ఒకదాని పొట్ట మీద నిద్రపోతోంది. పాట. అయిపోయింది.

అందరూ లేస్తున్నారు. సుందరి సూర్యకుమారిగారి దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"టీచర్, వాటికి కోపం రాలేదా?"

"కుక్కలకి కోపం ఎక్కడుంటుందమ్మా. వాటికి తెలిసింది ప్రేమే."

"మరి ఆయన వాటికి తప్పయిందని చెప్పాడా?"

ఆవిడ నవ్వారు. "రీలు తెగింది చూశావా, అక్కడ చెప్పి ఉంటాడు."

సుందరి దాన్ని బాగా ఆలోచించింది. ఇంటికొస్తూ మా సందు మలుపులో అడిగింది.

"అమ్మా, మన కరణం కూడా వస్తుందా?"

"వస్తుంది" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట.

"పండక్కా?"

"అవి వాళ్ళ కుక్కలు కనక వాళ్ళ పండక్కి వచ్చాయి. మన కరణంగారికి ఊళ్ళో పనులుంటాయి కదా. తెముల్చుకుని వస్తారు."

నవ్వింది. వరద తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూడ్డానికి ఇంకో పది అబద్ధాలైనా ఆడతాను.

డిసెంబరు 25.

సూర్యకుమారిగారు కేకు పంపారు. గుడ్డు వేస్తారని వదిన పెరట్లో అరుగు మీదే పెట్టించింది. సుందరి తను తినలేదు. తామరాకులో చుట్టి వీధి గుమ్మం పక్కన పెట్టింది. కాకులు తినేశాయి. "అది కాకులకి. దానికి మళ్ళీ పెడతాను" అంది.

డిసెంబరు 26.

వీధి తలుపు గడియ వెయ్యనివ్వడం లేదు. "గీరితే మనకి వినపడకపోతే?" అంటుంది. అన్నయ్య సరేనన్నాడు, వదిన మొహం మాడ్చుకుంది. అన్నం ముందు కూచుని ఎక్కడో చప్పుడైందని లేచిపోతుంది. మూడు ముద్దలు లోపలికి పోవడం లేదు.

రెండు రోజులు పోతే మరిచిపోతుంది.

డిసెంబరు 27. శనివారం.

ఆయన వచ్చేసరికి సుందరి గుమ్మంలోనే ఉంది. ఆయన మొహం ఎలా వెలిగిందో. తనకోసమే నిలబడిందనుకున్నారు. అది ఆయన పక్కనించి వీధిలోకి చూసి, ఎవరూ లేరని లోపలికి వెళ్ళిపోయింది.

అంతా నా నోట వినేసరికి ఆయనకి కోపం వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు అంత లేవడం నేను వినలేదు.

"వస్తుందని ఎందుకు చెప్పావు? ఏం తెలుసని చెప్పావు?"

"సినిమా చూసి అడిగింది. ఏం చెప్పమంటారు?"

"సినిమా! దుప్పటి మీద బొమ్మలాట చూపించి పిల్లని గుమ్మంలో కూచోబెట్టావు. ఎన్నాళ్ళు కూచోవాలి అది?"

అప్పుడు నేనన్నాను. "మీరు చేత్తో తోసేసినదాన్ని నేను మాటతోనైనా తెచ్చాను. అదీ తప్పేనా?"

ఆయన కండువా భుజాన వేసుకుని వీధి అరుగు మీదికి వెళ్ళి కూచున్నారు. గడియ వెయ్యని ఆ తలుపుకి వీపు ఆనించి.

అనకుండా ఉండాల్సింది. కానీ నేనన్నదాంట్లో అబద్ధమేముంది?

డిసెంబరు 29. సోమవారం.

సుందరి దొరికింది. ముందు అది రాసుకోవాలి. దొరికింది.

ఆయన పొద్దున్నే వెళ్ళారు. భోజనాలప్పుడు పిలిస్తే సుందరి పలకలేదు. పెరడు, మిద్దె, సూర్యకుమారిగారి ఇల్లు. నూతిలోకి వంగి చూశాను. ఆ వంగి చూడ్డం ఎవరికీ వద్దు. అన్నయ్యకి కబురు పెడితే కోర్టునించి పరిగెత్తుకొచ్చాడు. బస్టాండులో కిళ్ళీకొట్టువాడు చెప్పాడు, గళ్ళ పరికిణీ పిల్ల చల్లపల్లి బస్సెక్కిందని, ఎవరో పెద్దావిడ పక్కన కూచుంటే ఆవిడ పిల్లే అనుకున్నానని.

చల్లపల్లిదాకా ఆ బస్సులో నేను ఏ దేవుడికి మొక్కలేదో నాకు గుర్తు లేదు.

అక్కడి బస్టాండులో కాఫీ హోటలు నడిపే భాగ్యమ్మగారి దగ్గర ఉంది. టిక్కెట్టు లేదని కండక్టరు దింపేసి, ఆవిడకి అప్పజెప్పాడట. బల్ల మీద కూచుని కాళ్ళూపుతూ ఇడ్లీ తింటోంది. నన్ను చూసి ఆగింది.

కొట్టాను. ఏనాడూ కొట్టనిదాన్ని కొట్టాను. తర్వాత గట్టిగా పట్టుకున్నాను.

"ఎక్కడికే? ఎక్కడికి పోతున్నావే?"

"లంకకి."

"ఎందుకు?"

"దానికి బందరు దారి తెలీదు కదమ్మా. సినిమాలో కుక్కలకి మంచులో అడుగులు కనపడ్డాయి. మనం పడవలో వచ్చాం. నీళ్ళలో అడుగులుండవు కదా. అది అక్కడే కూచుని ఉంటుంది. మనమే వెళ్ళాలి."

భాగ్యమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకుని పక్కకి తిరిగారు. అన్నయ్య అవనిగడ్డ బస్సు డ్రైవరుతో ఆయనకి కబురు చెప్పించాడు, వెంటనే రమ్మని.

నేనన్న ఒక్క మాటకి. వస్తుంది అన్న మాటకి.

డిసెంబరు 30.

నిన్న దీపాలు పెట్టే వేళకి ఆయన వచ్చారు. కాళ్ళు కడుక్కోలేదు. తిన్నగా సుందరి ముందు నేలమీద కూచున్నారు. అది గోడవైపు తిరిగింది.

"కరణం బతికే ఉందమ్మలూ."

నేను తలుపు పట్టుకున్నాను. సుందరి తిరగలేదు. వీపు మాత్రం బిగుసుకుంది.

"కరకట్ట మీద ఉంది. నేను రోజూ చూస్తున్నాను."

అప్పుడు తిరిగింది. రెండున్నర నెలల తర్వాత తండ్రి మొహంలోకి చూసింది. ఆయన చెప్పుకుంటూ పోయారు, పాఠం చెప్పినట్టు, నెమ్మదిగా.

మా పడవ వెళ్ళిపోయాక అది ఈదుకుంటూ తాటిచెట్ల మెరకకి చేరిందట. అక్కడ చిలకమ్మ ఒక్కతే ఉంది. మాకు మజ్జిగ పోసే చిలకమ్మే. ఆమె కొడుకు పిచ్చేశ్వరరావు గేదెల పలుపులు కోయడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. మిగతాది తెలియదు. రెండు రాత్రులు ఆ మెరక మీద వానలో ముసలామె, కుక్క. ఆమెని ఆనుకునే పడుకుందట. నీళ్ళకి కొట్టుకొచ్చిన పాములు మెరకెక్కుతుంటే ఒక్కదాన్నీ దగ్గరికి రానివ్వలేదట. మూడో రోజున దూరంగా పోతున్న పడవని చూసి అరిచి అరిచి, వాళ్ళు ఇటు తిరిగేదాకా ఆగలేదట. చిలకమ్మకి అరిచే ఓపిక ఎప్పుడో పోయింది.

"నేను పాక గుంజలు పాతుతుంటే వెనకనించి వచ్చింది" అన్నారు. "వచ్చి మోకాలికి తల ఆనించింది. తోకాడించింది. ఏమీ జరగనట్టే." ఆయన తన మోకాలు తడుముకున్నారు. "కరిచినా బాగుండేదమ్మా."

"మరి తీసుకురాలేదే?" సుందరి అడిగింది. ఆయనతో అన్న మొదటి మాట.

"తీసుకొద్దామనే తాడు పట్టుకుని చిలకమ్మ పాకకి వెళ్ళాను. ఆమె దానికి అన్నం కలుపుతోంది. 'పెద్దోడా, రా' అని పిలుస్తుంది దాన్ని. నన్ను చూసి, 'మాస్టారూ, ఇది లేకపోతే నేను పొయ్యి వెలిగించేదాన్ని కాదండీ. నా ఒక్కదానికీ ఎందుకులే అని పడుకునేదాన్ని. ఇది తిండికి వస్తుంది కదా, అందుకని లేస్తున్నాను' అంది. తాడు వెనక పెట్టుకుని వచ్చేశాను. రెండోసారి వెళ్ళాను. అడగలేకపోయాను."

"మాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను నేను.

"చెబితే పిల్ల కుక్క కావాలంటుంది. అప్పుడు నేను ముసలామె దగ్గర్నించి లాక్కురావాలి, లేకపోతే కూతురికి లేదని చెప్పాలి." కాలికంటిన మట్టి గిల్లుకుంటూ, "చచ్చిపోయిందనుకుంటే ఎప్పటికో మరిచిపోతుందనుకున్నాను. నా మీద కోపమా, ఉండనీ. ఉండాల్సినదే" అన్నారు.

మినపరొట్టెలు ఎవరు తిన్నారో ఇప్పుడు తెలిసింది.

ప్రతి సోమవారం గుమ్మంలో నిలబెట్టి "జాడ తెలిసిందా?" అని అడిగాను. ప్రతిసారీ ఆయన నా మొహం చూడకపోతే, చేసిన పాపం అనుకున్నాను. పిల్ల "చంపేశారు" అంటే ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా కాదు. ఆ రాత్రి అది నన్ను కరుచుకుని పడుకుంటే హాయిగా నిద్రపోయాను.

డిసెంబరు 31.

శనివారం ముగ్గురం వెళ్తున్నాం. సుందరి దానికి ఏమేం పట్టుకెళ్ళాలో వదినకి పురమాయిస్తోంది. "చిలకమ్మ మామ్మ ఇస్తుందా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక "నాన్నగారిని అడుగు" అన్నాను.

వెళ్ళి అడిగింది. ఆయన "వెళ్ళి చూద్దాం" అన్నారు. నేనూ అప్పుడు అంత మాటే అని ఉండాల్సింది.

జనవరి 4. ఆదివారం.

నిన్న వెళ్ళి, పొద్దుగూకాక వచ్చాం. రాయకపోతే ఇది నాలో నిలవదు.

అవనిగడ్డలో దిగి ఒంటెద్దు బండి మీద కరకట్టకి వెళ్ళాం. మా ఊరు గుర్తుపట్టడానికి లేదు. నది ఎప్పటిలాగే సన్నగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది. కట్ట పొడుగునా పాకలు.

మేము వస్తున్నట్టు ఈయన ముందే కబురు పెట్టారట. చిలకమ్మ పాక ముందు నిలబడి ఉంది. పక్కన అది. స్నానం చేయించినట్టుంది, ఒళ్ళు మెరుస్తోంది. వెనకకాలి పుండుకి పసుపు అద్ది ఉంది. మెడలో కొత్త కొబ్బరితాడు. తాటాకు బుట్టలో దాని అన్నం మూకుడు కడిగి బోర్లించి పెట్టింది. అంటే, ఇచ్చెయ్యడానికి సిద్ధమై ఉంది.

అది సుందరిని చూసింది. తాడు చిలకమ్మ చేతిలోంచి జారిపోయింది. మీదకి దూకి, పడగొట్టి, మొహమంతా నాకి, చుట్టూ తిరిగి, మళ్ళీ దూకి. వింత వింత గొంతుకలు పెట్టింది. సుందరి దాని మెడ కరుచుకుని మట్టిలోనే కూచుండిపోయింది. ఈయన అవతలికి తిరిగి నదిని చూస్తున్నారు. అది సుందరిని వదిలి నా దగ్గరికి వచ్చింది. వంగి తల నిమిరాను. మొదటిసారి. ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని ముట్టుకున్నాను.

చిలకమ్మ నవ్వుతోంది. "చూశారా మాస్టారమ్మగారూ, మీవాడు మిమ్మల్ని మరవలేదు. తీసుకెళ్ళండి. నాదేముందమ్మా, నాలుగు రోజులు తోడున్నాడు, చాలు. పట్నంలో సుఖంగా ఉంటాడు. రాత్రి మాత్రం ఒక్కణ్ణీ పడుకోబెట్టకండి, ఉరిమితే వణుకుతాడు." అంటూనే తాడు తీసి సుందరి చేతికి ఇచ్చింది. ఇచ్చి, ఖాళీ అయిన చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు చీరకి తుడుచుకుంది. తుడిచిందే తుడుచుకుంది.

సుందరి ఆ చేతినే చూస్తోంది.

పాకలోకి చూసింది. లోపల ఒక చాప, దాని పక్కనే ఇంకో గోనెపట్టా పరిచి ఉంది. పొయ్యి వెలిగించి లేదు.

లేచి నిలబడింది. పరికిణీ దులుపుకుంది.

"ఇది మాది కాదు మామ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. చిలకమ్మకీ కాలేదు. "అదేంటమ్మా! నిన్ను చూసి ఎట్టా ఎగురుతున్నాడో చూడు."

"అన్ని కుక్కలూ అట్లాగే ఎగురుతాయి. మా కరణం నల్లగా ఉండేది. నల్లగా, తోక మీద మాత్రం తెల్లమచ్చ. ఇది గోధుమరంగు కదా. నాన్నగారు పొరబడ్డారు. కదా నాన్నగారూ?"

ఆయన నదివైపునించి తిరిగారు. కూతురి మొహంలోకి చూశారు. అది ఆయన్నే చూస్తోంది, కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి.

"అవునమ్మా" అన్నారు. "పొరబడ్డాను. మాది నల్లది."

తాడు చిలకమ్మ చేతిలో పెట్టింది సుందరి. కుక్క మళ్ళీ పిల్ల కాళ్ళకి చుట్టుకుంటోంది, తెల్లకాళ్ళతో పరికిణీ పట్టి లాగుతోంది. సుందరి వంగలేదు. చేతులు రెండూ వెనక కట్టుకుంది.

చిలకమ్మ చాలాసేపు పిల్లని చూసింది. మా ఇంట్లో రోజూ మజ్జిగ పోసిన మనిషి. మా కుక్క రంగు ఆమెకి తెలియదా? రోజూ దానికీ ఓ గరిటెడు పోసేది.

"అయితే మీవాడు ఇంకా దొరకలేదన్నమాట" అంది.

"దొరకలేదు."

"ఎక్కడో ఒకచోట బతికే ఉంటాడులే అమ్మా. ఎవరో ఒకరు అన్నం పెడుతూనే ఉంటారు."

"ఊఁ" అంది సుందరి.

చిలకమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. కూచోండి, అటుకులు తడుపుతానంది. తిన్నాం. ఆమె ఇంట్లో నేను మొదటిసారి తిన్నాను, అదీ రాసుకోవాలి. సుందరి పట్టుకెళ్ళినవన్నీ "మీ పెద్దోడికి" అని ఇచ్చి వచ్చింది.

బండి కట్ట దిగుతుంటే అది అరిచింది. తాడు చివర లాగి లాగి అరిచింది. సుందరి వెనక్కి చూడలేదు. అరుపు వినపడనంత దూరం వచ్చాక తండ్రి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. గట్టిగా, చిన్నపిల్లలా, ఎక్కిళ్ళు పెట్టి. ఆయన వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నారు. ఏడవకమ్మా అని కూడా అనలేదు.

నా ఒళ్ళోకి రాలేదు. రాకపోవడమే న్యాయం.

నేనొక అబద్ధం ఆడాను ఆ పిల్లతో. అదొక అబద్ధం ఆడింది. నిన్నటినించీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. నాది చూస్తే సిగ్గేస్తోంది.

జనవరి 5. సోమవారం.

ఆయనతో పాటు బస్టాండుకి వెళ్ళాను. ఎన్నడూ వెళ్ళలేదు, వదిన విచిత్రంగా చూసింది. దారిలో చెబుదామనుకున్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ మాటలు కూర్చుకున్నాను కూడా. పిల్ల మిమ్మల్ని అన్ని రోజులూ అసహ్యించుకుంటుంటే నేను చూస్తూ ఊరుకున్నాను, అది నాకు హాయిగా కూడా ఉంది, అని. చేత్తో తోసేశారన్న ఆ మాట అనకుండా ఉండాల్సిందని కూడా.

సుందరి మా ఇద్దరి మధ్యా నడుస్తోంది, ఆయన సంచీ తనే మోస్తూ. "చలేస్తే దానికి గోనె కప్పమనండి. నేను చెప్పానని చెప్పకండి" అంటోంది. ఆయన "సరేనమ్మా" అంటున్నారు.

బస్సు కదిలే ముందు ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి నావైపు చూశారు. నేరుగా, మొహంలోకి. ఏమిటి వేదా అన్నట్టు.

"కండువా చెవులకి చుట్టుకోండి, చలిగాలి" అన్నాను.

"ఊఁ" అన్నారు. చుట్టుకున్నారు. బస్సు వెళ్ళిపోయింది.

అది కాదు నేను చెప్పాలనుకున్నది.